మాదిరిపొత్తములు – చిటికికట్టు

క్రీ. శ. 16వ శతాబ్దమున ఐరోపాఖండమునఁ బుట్టిన గ్రంథజాతులలో సూదిపనికిని అల్లికకును ఉపయోగించు మాదిరిపొత్తము లొకజాతి. కొయ్యపలకలపైఁ జెక్కిన చిత్రములను గాగితముపై నద్ది, కొలఁదిపుటలుగాఁ గుట్టి యమ్మిన చిన్నపొత్తము లివి. చదువుటకంటెఁ జూచి చేయుటకే యివి యేర్పడినవి. వీనిని గూర్చి వ్రాయువారు తఱచుగా నొక సిద్ధాంతమును మనసున నుంచుకొని వ్రాయుదురు. మాదిరి పొత్తమున కెక్కిన పిమ్మటనే శిల్పము స్థిరపడుననియు, పొత్తములేని శిల్పము జ్ఞాపకమునే నమ్ముకొన్నది గావునఁ దక్కువతరగతి దనియు వారి తాత్పర్యము. ఈ సిద్ధాంతము నిలుచునా యని పరీక్షించుటకు దక్షిణ తెలంగాణపు మెట్టభూములు, అనఁగా పూర్వపు నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు, తగిన యొరపిడిఱాయి. అచ్చుపొత్తము లేకయే మిక్కిలి చిక్కైన మాదిరులు అచ్చట నొక శతాబ్దమునకుఁ బైఁగా నేయఁబడుచున్నవి. ఈ రెండింటిని జేర్చి చూచినచో మాదిరి యెచ్చట నుండునో, దాని నెట్లు కాపాడవలయునో తేటపడును.

మొదట పొత్తముల చరిత్రము. ఔగ్స్‌బుర్గు నగరమున యోహాన్ షోన్‌స్పెర్గరు 1523, 1524 ప్రాంతమున నిట్టి పొత్తమును వెలువరించెను. 1527లో కొలోను నగరమున పేటరు క్వెంటెలును, వెనీసు నగరమున జొవాన్ని అంతోనియో తల్యెంతేయును దమతమ పొత్తములను ముద్రించిరి. తల్యెంతే వ్రాఁతపని నేర్పు గురువు. అక్షరలేఖనమును గూర్చి 1524లో నొక పొత్తమును బ్రకటించినవాఁడు. కలముతో నక్షరమును దిద్దించినవాఁడే సూదితోఁ దీఁగెను దిద్దింపఁ బూనుట గమనింపఁదగినది. దారము చుట్టిన చిన్నకండెలను మార్చిమార్చి త్రిప్పి యల్లెడి లేసునకే ప్రత్యేకించిన ‘లె పొంపె’ 1557లో వెనీసున వెలువడెను. 1587లో ఫెదెరికో విన్‌చోలో యను వెనీసువాఁడు పారిసున నొక పొత్తమును బ్రకటించి, ఫ్రాన్సురాణియైన లూయీజునకుఁ గృతి యిచ్చెను. చిత్రకారుఁడైన తిషానునకు బంధువగు చేజారె వెచెల్ల్యో 1591లో ‘కొరోనా’ యను పేర సూదిలేసు మాదిరులను గూర్చెను. ఇజబెల్లా కతానెయా పరసోలే యను స్త్రీ రోమునగరమున 1616లో ‘తెయాత్రో’ను వెలువరించెను. ఇవియెల్ల స్త్రీల కుద్దేశింపఁబడిన పొత్తములే యైనను గ్రంథకర్తలలో స్త్రీలు మిక్కిలి యరుదు.

ఈ పొత్తములలో నొకనివి మఱియొకఁడు తీసికొనుట సామాన్యాచారము. ఒక నగరమునఁ జెక్కిన చిత్రము కొన్నియేండ్లలో మఱియొక నగరపుఁ బొత్తమునఁ గానవచ్చును. మొదటివాని పేరు మాత్రము కానరాదు. న్యూరెంబర్గు నగరమున యోహాన్ సిబ్మాఖరు 1597లోఁ బ్రకటించిన మాదిరులే 1631లో లండనున వెలువడిన ‘నీడిల్స్ ఎక్సలెన్సీ’లోనికి వచ్చినవి. చిత్రము దేశములు దాఁటినది. కర్త పేరు వెనుకఁబడినది. ఈ దోషము మున్ముందు చెప్పఁబోవు విషయమునకు మూలము గావునఁ బాఠకులు దీనిని జ్ఞప్తియం దుంచుకొనవలయును.

ఇంక వీనిలో నేమున్నది? చిత్రములు రెండువిధములు. కొన్ని తీఁగెలు, పూవులు, పక్షులు మొదలైనవాని గీఁతలు. కొన్ని చదరపుగళ్లపై నింపిన రూపములు. విన్‌చోలో పొత్తపు రెండవభాగ మిట్టిది. గళ్లను లెక్కించి కుట్టువారి కిది మిగులఁ దోడ్పడును. మాట లల్పము, శీర్షికయు, అంకితమును, స్త్రీలకు స్తుతియుఁ బోఁగా మిగులునది కొంచెము. ఏ దారమును వాడవలయును, ఏ కుట్టు ముందు, ఏ కుట్టు వెనుక, దారము నెంత బిగింపవలయును అను ప్రశ్నలకు చిత్రము ప్రత్యుత్తర మీయదు. అడుగుటకుఁ బ్రక్కన నెవరో యున్నారని యా చిత్రకారుఁడు నమ్మెను.

చిత్రమును వస్త్రమున కెక్కించు విధమును బగనీనో 1527 ప్రాంతమునఁ బ్రకటించిన ‘ఇల్ బురాతో’యందలి యొక పుట చూపుచున్నది. అందు స్త్రీలు కూర్చుండి వేఱువేఱు రీతుల మాదిరిని గుడ్డపైకి దింపుచుందురు. గీఁతవెంబడి కాగితమును సూదితోఁ బొడిచి, యా రంధ్రములగుండ బొగ్గుపొడి నద్దుట వానిలో నొకరీతి. ఇట్లు పొడిచిన పుట మఱల పుటగా నుండదు. కావుననే యీ పొత్తములలోఁ బెక్కింటికి నేఁడు ప్రపంచమున నొకటి రెండు ప్రతులు మాత్రమే మిగిలినవి; 1933లో ఆర్తురు లోట్సు కూర్చిన గ్రంథసూచి నందలి యనేకముద్రణములు నిట్టివే. పనిలోఁ బడిన ప్రతి నశించెను. పనికిఁ దప్పించుకొన్న ప్రతి గ్రంథాలయమున కెక్కెను. మిగిలినవానిని మాత్రము చూచి యా కాలపు శిల్పమును నిర్ణయించువాఁడు, పనిచేయని ప్రతులను సాక్షులుగాఁ బిలిచినవాఁ డగును.

ఇచ్చటఁ బూర్వపక్షి యిట్లనవచ్చును: “పొత్తము చాలనిదే కావచ్చును, అయినను శిల్పము స్థిరముగా నుండుటకుఁ బొత్తమే యాధారము గదా. ముద్రణము లేనిచో వెనీసు లేసు వెనీసుననే యడఁగిపోయెడిది.” దీనికిఁ బ్రత్యుత్తర మా పొత్తములలోనే కలదు. 1561లో జూరిచ్చు నగరమున ఫ్రోషవరు ముద్రించిన మాదిరిపొత్తమును రచించినది కండెలలేసును నేర్పు నొక స్త్రీ. ఆమె పేరు రెండక్షరములుగా మాత్రమే, ‘ఆర్. ఎమ్.’ అని, నిలిచినది. ఈ విద్య వెనీసునుండి వర్తకులవలన 1536లోఁ దమ దేశమునకు వచ్చినదని యామె చెప్పుచున్నది. అనఁగా విద్య వచ్చిన యిరువదియైదేండ్లకుఁ బొత్తము వచ్చినది. చేతులు ముందు, చిత్రము వెనుక. వ్యాకరణమును జదివినవారి కిది క్రొత్తమాట కాదు. లక్ష్యము ముందు పుట్టును; లక్షణము దానిని వెన్నంటును. కుండకొఱకుఁ గుమ్మరియింటికిఁ బోయినట్లు శబ్దములకొఱకు వైయాకరణునింటి కెవ్వరును బోరని పతంజలి మహాభాష్యమున వివరించెను. శాస్త్రము శబ్దములను బుట్టింపదు. ఉన్నవానికి నియమము చెప్పును. మాదిరిపొత్తమునకు శిల్పమున నుండు స్థానమును నింతియే.

ఇంతకంటె బలమైన నిదర్శనము 19వ శతాబ్దమునఁ గలదు. వెనీసు ప్రక్కనున్న బురానో ద్వీపమున సూదిలేసు క్షీణించి, చేయువారు లేక పోయిరి. వెచెల్ల్యో పొత్తమును, విన్‌చోలో పొత్తమును నశింపలేదు. వానిలోని చిత్రములును జెక్కుచెదరలేదు. అయినను 1872లో నచ్చట లేసుబడిని స్థాపించినపుడు పొత్తమును దెఱచి యెవ్వరును నేర్పఁజాలకపోయిరి. ‘చెంచా స్కర్పరియోలా’ యని పిలువఁబడిన డెబ్బదియేండ్ల వృద్ధురాలు విన్‌చెంజా మేమో యొక్కతె మాత్రమే యా కుట్టు నెఱిఁగియుండెను. ఆమె చేతినిజూచి యన్నా బెల్లోరియో యను నుపాధ్యాయిని నేర్చి, యితరులకు నేర్పెను. నూఱులకొలఁది పుటలు చెప్పలేని దానిని నొక ముదుసలి చేతివ్రేళ్లు చెప్పినవి. ఆ వృద్ధురాలు కొన్నియేండ్లు ముందు మరణించియున్నచోఁ బొత్తము లన్నియు నుండియు విద్య పోయెడిదే.

ఈ నిదర్శనముతో దక్షిణ తెలంగాణమునకు వచ్చునది. పోచంపల్లియు బుట్టపాకయుఁ బూర్వము నల్లగొండ జిల్లాలోనివి. 2016లో జరిగిన జిల్లాల విభజనముచే యాదాద్రి భువనగిరి జిల్లాలోఁ జేరినవి. గద్వాల మహబూబునగరునుండి విడివడి జోగులాంబ గద్వాల జిల్లాకు ముఖ్యపట్టణమైనది. పేర్లు మాఱినను మగ్గములు మాఱలేదు. పోచంపల్లికి చిటికిపని 1915 ప్రాంతమునఁ జీరాలనుండి వచ్చినదని ప్రసిద్ధి. లోకమున దీనికి ‘ఇక్కత్’ అనుపేరు వ్యాపించినది. అది మలయభాషలోఁ గట్టుట యను నర్థము గల ధాతువునుండి వచ్చినది. నమూనా పారసీకము, నక్షా యరబ్బీ, మచ్చు మాత్రము తెలుఁగు. మాట లెచ్చటనుండి వచ్చినను ‘కట్టు’ అను తెలుఁగుమాటయే యీ శిల్పమునకు జీవము.

చిటికిపనిలో రూపము మగ్గముపైఁ బుట్టదు. మగ్గ మెక్కకమునుపే పోగులలోఁ బుట్టును. పోగులను లెక్కించి కట్టలుగాఁ జేర్చి, మడిచి, రంగు సోఁకరానిచోట బిగించి కట్టుదురు. కట్టుటకు సైకిలు ట్యూబునుండి కోసిన రబ్బరుపేలికలు వాడుకలో నున్నవి. కట్టిన కట్టను రంగున ముంచి, యారవేసి, కట్టు విప్పి, రెండవ రంగునకు మఱల వేఱుచోటఁ గట్టుదురు. పేకకట్టు నకు ఆసు కావలయును. అర్ధవృత్తాకారమున మేకులు దిగఁగొట్టిన చట్టము ఆసు. నడిమేకునుండి యంచుమేకునకును, అంచునుండి నడిమికిని దారమును వేలమారులు చేతితోఁ ద్రిప్పవలయును. విశ్రాంతిలేక తిరుగువానిని ‘ఆసులో కండె’తోఁ బోల్చుట తెలుఁగువారి నానుడి, ఆ తిరుగుట యెట్టిదో నేఁతవారి యాఁడువారి భుజములకే తెలియును. తన తల్లి లక్ష్మి పడిన యీ బాధను జూచి చింతకింది మల్లేశము 1999లో ‘లక్ష్మి ఆసుయంత్రము’ను సిద్ధము చేసెను, 2017లో నాతనికి పద్మశ్రీ లభించెను. యంత్రము త్రిప్పుటను గైకొన్నది. ఎచ్చటఁ గట్టవలయునో నిర్ణయించుటను నేఁతవానికే విడిచినది.

వైయాకరణుఁ డీ శిల్పమున నొక పరిచితమైన న్యాయమును గుర్తించును. రంగు ఉత్సర్గము, కట్టు అపవాదము. సామాన్యవిధి సర్వత్ర వ్యాపింపఁబోవును. అపవాద మాక్రమించిన చోటిని మాత్రము విడిచి, తక్కినచోట నంతటఁ బ్రవర్తించును. రంగుకుండలో ముంచిన కట్టకుఁ బట్టునది సరిగా నిదియే. చిత్రకారుఁడు రంగుండవలసిన చోటును గీయును. చిటికివాఁడు రంగుండరాని చోటును గట్టును. రంగులు మూఁడైనచో నపవాదములు మూఁడుమారులు మాఱును. వాని పౌర్వాపర్యము తప్పినచో రూపము చెడును. పడుగును బేకయు రెండును గట్టి నేయు పుట్టపాకపనిలో నీ చిక్కు రెట్టించును. రెండు దిక్కులనుండి వచ్చిన రంగులు నేతలో నొకచోటఁ గలిసికొనవలయును.

“పోచంపల్లివారును నేఁడు గళ్లకాగితముపై మాదిరిని గీయుచున్నారు గదా, అదియు విన్‌చోలో పుటయు నొక్కటియే గదా” యని యడుగవచ్చును. గళ్లకాగిత మున్నమాట నిజము. అయితే యది సూత్రము మాత్రమే. సూత్రమునకు వృత్తి లేనిదే బోధ కలుగదు. ఏ గడి యే రంగో కాగితము చెప్పును. ఎన్ని పోగుల నొక కట్టగాఁ జేర్పవలయును, ఎచ్చట మడిచినచో నొక్క కట్టుతో నిరుప్రక్కల రూపము వచ్చును, కట్టు క్రిందికి రంగు చొచ్చుట నెంతవఱకు సహింపవలయును అనునవి కాగితమున లేవు. చిటికివస్త్రమున రూపపుటంచులు మబ్బుటంచులవలె మెత్తఁగా నుండుట కీ చొచ్చుటయే కారణము. గళ్లకాగితమునఁ బ్రతియంచును గత్తితోఁ గోసినట్లుండును. లక్షణమునకు దొరకని లక్ష్యశేష మా యంచు.

పొడిచిన పుటకును విప్పిన కట్టునకును నొక సామ్యము కలదు: రెండును బనికి వచ్చి నశించును. వైషమ్యము మఱింత ముఖ్యము. పుట నశించినచో దాని రూపము వస్త్రమున నకలుగా మిగులును. కట్టు విప్పినచో నకలు లేదు. కట్టఁబడిన పోగే వస్త్రమగును. కాఁబట్టి యిచ్చట మాదిరియు వస్త్రమును వేఱు కావు. పొత్తము లేదనుట లోప మని తలఁచుట యీ భేదము నెఱుఁగమి. వస్త్రమును విప్పి చూడఁగల నేర్పరికి వస్త్రమే పొత్తము.

పొత్తము లేని శిల్పము క్రొత్తదానిని గ్రహింపలేదను వాదమును నిలువదు. చీరాలలోఁ బుట్టి పుట్టపాకలో నిలిచిన తేలియా రుమాలే దీనికి సాక్షి. నూనెతోను ఆముదపుఁగాయల బూడిదతోను బోగును బదనుచేయుటచే దాని కా పేరు వచ్చినది. ఎఱుపు, నలుపు, తెలుపు దాని రంగులు. అరబ్బుదేశముల కెగుమతియైన యా చదరపుగుడ్డలపై సింహములు, ఏనుఁగులు, పక్షులతోఁబాటు గడియారములును విమానములును గానవచ్చినవి. అన్యదేశ్యపదమును భాష తన విభక్తులతోఁ గలుపుకొన్నట్లు నేఁతవాఁడు విమానమును దన కట్టులోఁ గలుపుకొనెను. 2011లో పద్మశ్రీ పొందిన గజము గోవర్ధన యీ పుట్టపాకవాఁడే. తేలియా రుమాలునకు 2020లో భౌగోళికసూచిక లభించినది.

ఇదేసీమలో దేవరకొండ ప్రాంతపుఁ దండాలలో లంబాడీ స్త్రీలు పేటియాపైనను, కాంచళిపైనను అద్దములు కూర్చి, దారములు లెక్కించి కుట్టు పని మఱియొక సాక్ష్యము. వారి గోర్‌భాషకు సంప్రదాయసిద్ధమైన లిపి లేదు. అయినను ఆ కుట్టులో లెక్క తప్పదు. తల్లి చేతినుండి కూఁతురి చేతికి వచ్చినది. వేదమును గురుముఖమున నేర్చిన దేశమున నిది తక్కువతరగతి జ్ఞాపక మని యనుట సాహసము.

అట్లని పొత్తము లేకుండుటయే మేలని చెప్పరాదు. బురానోలో విద్య యొక్క వృద్ధురాలి ప్రాణముపై వ్రేలాడినట్లు మెట్టభూములలోను గొన్నికట్టులు కొలఁదిమంది చేతులలో మాత్రమే యున్నవి. పిల్లలు చదువులకుఁ బట్టణములకుఁ బోవుచున్నారు. వ్రాయక విడిచినచో నష్టము నిశ్చయము. వ్రాయవలసినదే, ఎట్లు వ్రాయవలయుననుటయే విమర్శనీయము.

వ్రాయరాని రీతికి నుదాహరణము భారతదేశచరిత్రములోనే కలదు. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను నుద్యోగి లండనున భారతీయవస్త్రముల మచ్చుతునకలు 700 ఏర్చి, 18 సంపుటములుగా నంటించి, అట్టి ప్రతులు 20 సిద్ధపఱచెను. వానిలో 13 బ్రిటనున నుంచి, 7 భారతదేశమునకుఁ బంపిరి. మాదిరిపొత్తములలో నింత ఘనమైనది మఱియొకటి యరుదు. గుడ్డయే పుటగా నుండుటచేఁ జిత్రముకంటె సత్యమైనది. కొలతయు, తూకమును, దొరికినచోటును నందుఁ గలవు. నేసినవాని పేరు లేదు. భారతీయులు వాడు బట్టల నెఱిఁగి బ్రిటనులోని మిల్లులవారు వానివంటివి చేసి యిచ్చట నమ్ముకొనవలయుననునదియే దాని ప్రయోజనము. సిబ్మాఖరు చిత్రములు లండను చేరినపుడు పోయినది పేరు. వాట్సను సంపుటములతోఁ బోఁజూచినది బ్రదుకు.

ఈ భయము నేఁటికిని దీఱలేదు. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లో భౌగోళికసూచిక లభించినను, ఆ రూపములను మిల్లుగుడ్డపై నద్ది చౌకగా నమ్మువారు మానలేదు. సూచిక రక్షించునది ముఖ్యముగాఁ బేరును. రూపమును దొంగిలించి పేరును విడిచినవాని నది గట్టిగాఁ బట్టఁజాలదు. అద్దిన గుడ్డను వెనుకకుఁ ద్రిప్పినచో రంగు వెలవెలఁబోవును. కట్టి నేసిన గుడ్డ కిరుప్రక్కలు నొక్కటియే. కొనువానికిఁ జూపవలసిన మొదటి లక్షణ మిది. చిత్రములు మాత్రమే నిండిన పొత్తమును వెలువరించినచో నద్దకపువానికే యుపకార మగును. అతనికిఁ గావలసినదెల్ల గళ్లకాగితమే. కట్టుక్రమమును వివరించిన పొత్తము మాత్ర మాతనికి నిరర్థకము, నేఁతబిడ్డకు సార్థకము.

కావున నిట్టి పొత్తమున నాలుగంగము లుండవలయును. రూపమును జూపు గళ్లపుట సూత్రస్థానము. పోగుల లెక్క, మడత, కట్టుల పౌర్వాపర్యము, రంగుల క్రమము వివరించునది వృత్తి. నేసిన తునక యుదాహరణము. నాలుగవది కర్తృనామము: రూపమును గల్పించినవారెవరు, కట్టినవారెవరు, ఆసు త్రిప్పిన స్త్రీ యెవరు, ఏయూరు. ఐరోపాపొత్తములు మొదటి యంగముతో నిలిచినవి. వాట్సను సంపుటములు మూఁడవదానితో నిలిచినవి. రెండవదియు నాలుగవదియు లేకుండుటచే నొకచోట విద్యయు, ఒకచోట న్యాయమును లోపించినవి.

ఈ రెండంగములను గ్రంథాలయమునఁ గూర్చుండి పూరించుట సాధ్యము కాదు. పుట్టపాకలోను బోచంపల్లిలోను ఆసుప్రక్కఁ గూర్చుండి, కట్టువాని నడిగి, అతఁడు చెప్పినదానికంటె నతఁడు చేసినదానినే ప్రమాణముగాఁ గొని వ్రాయవలయును. దేవరకొండ తండాలలో నీ పని స్త్రీలచేతనే జరుగవలయును. అడుగఁదగిన వృద్ధు లింకను గలరు. బురానోలో 1872 నాఁటికి మిగిలినది యొక్కతె.